క్రొత్త ఫోను - పాత ఋణము

గత 2025 సెప్టెంబరు మాసమున, వినాయక చవితికిని దసరాకును నడుమ, పంచాంగమున లేని యుత్సవ మొకటి మన దేశమున జరిగెను. ముంబయి, ఢిల్లీ నగరములలో ఒక దుకాణము తలుపులు తీయక పూర్వమే యువకులు బారులు తీర్చి నిలిచిరి. వారు నిలిచినది బియ్యము కొఱకు గాదు, ఉద్యోగము కొఱకు గాదు. ఐఫోను 17 అను క్రొత్త చేతిఫోను కొఱకు. ఈ యుత్సవము ప్రతి సంవత్సరమును వచ్చుచునే యున్నది. వచ్చినప్పుడెల్ల మన మధ్యతరగతి గృహములలో ఒకే సంభాషణము నడచుచున్నది. కుమారుడు క్రొత్త ఫోను కావలెననును. తండ్రి యున్నది బాగుగనే యున్నది గదా యనును. తల్లి నెలసరి వాయిదాల లెక్క యడుగును. సంభాషణ మెట్లు ముగిసినను, చాల యిండ్లలో ఫోను మాత్రము వచ్చుచునే యున్నది.

ఇది యింటింటి స్వవిషయము, పత్రిక కేల యని కొందఱు మమ్ము ప్రశ్నింపవచ్చును. ఒక్క యింటి ఖర్చు స్వవిషయమే. కాని కోట్ల యిండ్లలో ఒకే ఖర్చు ఒకే రీతిగ, తఱచు ఋణము మీద, జరుగుచున్నప్పుడు అది యర్థశాస్త్ర విషయమగును, శాసనసభల విషయమగును. కావున దీనిని లెక్క కట్టి చూడుట మా విధియని తలచుచున్నాము.

మొదట ధరను చూతము. ఆ ఫోనులో మొదటిరకమునకు మన దేశమున నిర్ణయించిన వెల 82,900 రూపాయలు. ఇందులో 18 శాతము వస్తుసేవా పన్ను చేరియున్నది. అనగా సుమారు 12,600 రూపాయలు ప్రభుత్వమునకే పోవును. 2020 ఏప్రిలు 1వ తేదీ వఱకు ఈ పన్ను 12 శాతముగనే యుండెను. 2024-25లో భారతీయుని తలసరి యాదాయము సుమారు రెండు లక్షల రూపాయలు. కాగా ఈ గాజుపలక యొక సగటు భారతీయుని సంవత్సరాదాయములో ఐదింట రెండు వంతులను మ్రింగును. 2025-26 సంవత్సరమునకు ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను గ్రామీణ ఉపాధి హామీ పనికి నిర్ణయించిన దినకూలి 307 రూపాయలు. మన్ను త్రవ్వు కూలివాడు తినక త్రాగక 270 దినములు పనిచేసినగాని ఆ వెల పోగుపడదు. నాటి చట్టము సంవత్సరమునకు నూఱు దినముల పనికే హామీ నిచ్చెను. కూలివాడు దీనిని కొనబోవుట లేదని మే మెఱుగుదుము. కాని ధనమున కొక కొలత కావలెను. ఈ దేశమున శ్రమకంటె మంచి కొలత మాకు కానరాలేదు.

ఇక ఫలమును చూతము. క్రొత్తది మంచిదా యని యడిగినచో ఉత్తర మందఱికిని తెలిసినదే. మూడు సంవత్సరముల తరువాత చేసిన వస్తువు మునుపటిదానికంటె మంచిది గాకున్న అది తయారీదారునకు సిగ్గుచేటు. అడుగవలసిన ప్రశ్న వేఱు: ఇప్పటికే చేతనున్నదానికిని క్రొత్తదానికిని గల యంతరము ఆ వెల చేయునా? 2022లో 79,900 రూపాయలకు ఐఫోను 14 కొన్నవాని యుదాహరణము తీసికొందము. క్రొత్తదానిలో తెర సెకనుకు 60 మారులకు బదులు 120 మారులు మాఱును. కదలిక నునుపుగ కనబడును. నిల్వస్థలము 128కి బదులు 256 గిగాబైట్లు. ఛాయాచిత్ర యంత్రము మెఱుగైనది. విద్యుత్తు నింపు తీగ అందఱి ఫోనులతోను కలియునది. ఇవి నిజమైన లాభములే, మేము కాదనము. కాని అదే మనుష్యుడు తన ఫోనుతో దినమెల్ల చేయుచున్న పనులేవి? మాటలాడుట, సందేశములు పంపుట, యూపీఐ ద్వారా డబ్బు చెల్లించుట, వార్తలు చదువుట, చిత్రములు చూచుట. ఇవి యన్నియు పాతదానితోను నిరాటంకముగ జరుగుచునే యున్నవి. ఐఫోను 17తో పాటు వచ్చిన సాఫ్టువేరు ఆ పాత ఫోనునకును అందినది.

లెక్క యింకను సులభముగ చెప్పవచ్చును. 79,900 రూపాయల ఫోనును మూడేండ్లకు విడిచినవానికి సంవత్సరమున కైన ఖర్చు సుమారు 26,600 రూపాయలు. ఆఱేండ్లు వాడినవానికి 13,300. పాతదాని నమ్మిన సొమ్ము తీసివేసినను, నడుమ బ్యాటరీ మార్పించిన ఖర్చు కలిపినను, ఓపిక పట్టినవాడు సంవత్సరమునకు కొన్ని వేల రూపాయలు మిగుల్చుకొనును. ఆ కొన్ని వేలు ఒక విద్యార్థికి పుస్తకములగును. ఒక వృద్ధునకు మందులగును. ఆరోగ్య బీమా లేని కుటుంబమునకు బీమా రుసుములో కొంత భాగమగును.

అట్లని క్రొత్త ఫోను కొనుట యెల్లప్పుడును దుర్వ్యయమని మే మనము. మూడు సందర్భములలో అది న్యాయమే. మొదటిది, భద్రత. తయారీదారుడు రక్షణ సవరణలు పంపుట మానిన ఫోనులో బ్యాంకు ఖాతా నుంచుకొనుట తాళము చెడిన పెట్టెలో నగలుంచుట వంటిది. 2025 జనవరినుండి వాట్సాపు ఆండ్రాయిడు 5కు పూర్వపు ఫోనులలో పనిచేయుట మానెను. అట్టి ఫోను గలవాడు మార్చుకొనక తప్పదు. రెండవది, వృత్తి. ఫోను చేతబట్టి యింటింటికి సరకులు చేర్చు యువకునకు, ఫోనులోనే శిశువుల బరువు నమోదు చేయు అంగన్‌వాడీ కార్యకర్తకు, ఛాయాచిత్రకారునకు అది పనిముట్టు. కమ్మరి సుత్తి మార్చుకొన్నట్లు వారు మార్చుకొనవచ్చును. అయినను సుత్తి పని చేయవలెను గాని బంగారు పిడి యక్కఱలేదు. మూడవది, మరమ్మతు ఖర్చు వస్తువు విలువను మించినప్పుడు. కాని ఫోను ముసలిదైనదని మనము తలచునప్పుడు తఱచు ముసలిదైనది బ్యాటరీ మాత్రమే. అమెరికాలో ఐఫోను 14కు తయారీదారుడే బ్యాటరీ మార్చి యిచ్చుటకు 99 డాలర్లు. ఐఫోను 17 వెల 799 డాలర్లు. ఎనిమిదవ వంతుతో తీఱు వ్యాధికి దేహమునే మార్చుకొనుట వైద్యము గాదు.

ఇచట తయారీదారుల నడవడిని విచారింపక విడువరాదు. వస్తువు త్వరగ చెడుటయే వ్యాపారమునకు మేలను బుద్ధి నేటిది గాదు. 1924లో ఐరోపా, అమెరికా దేశముల విద్యుద్దీపముల తయారీదారులు జెనీవాలో ఫీబస్ అను కూటమిగ నేర్పడి, దీపము వేయి గంటలకంటె మిక్కిలి వెలుగరాదని తమలో తాము కట్టుబాటు చేసికొనిరి. అంతకంటె నెక్కువకాలము వెలుగు దీపములు చేసిన సభ్యులకు జరిమానాలు విధించిరి. అంధకారమును పోగొట్టు వస్తువుతోనే ప్రజలను చీకటిలో నుంచిన విచిత్రమిది. తొంబది మూడేండ్ల తరువాత, 2017 డిసెంబరులో, ఆపిల్ కంపెనీ బ్యాటరీ నీరసించిన పాత ఫోనుల వేగమును తానే తగ్గించుచుంటినని యొప్పుకొనెను. ఫోను హఠాత్తుగ ఆగిపోకుండుటకే యట్లు చేసితిమని సమాధానము చెప్పెను. సమాధానమున కొంత సత్య ముండవచ్చును; కాని చెప్పక చేసినది దోషము. ఫోను మందగించినదని విసిగి క్రొత్తది కొన్నవారిలో, బ్యాటరీ మార్చినచో సరిపోవునని తెలిసియుండిన వారెందఱు? ఇటలీ యధికారులు 2018లో ఆపిల్‌నకు కోటి యూరోలు, శాంసంగునకు యేబది లక్షల యూరోలు జరిమానా విధించిరి. 2020 ఫిబ్రవరిలో ఫ్రాన్సు ఆపిల్‌నకు రెండున్నర కోట్ల యూరోలు విధించెను.

పాశ్చాత్యులు జరిమానాతో ఆగలేదు, శాసనము చేసిరి. ఐరోపా సమాఖ్యలో 2025 జూను 20వ తేదీనుండి అమలగుచున్న నిబంధనల ప్రకారము, ఒక రకపు ఫోను అమ్మకము ముగిసిన తరువాత అయిదేండ్ల వఱకు సాఫ్టువేరు సవరణలు పంపవలెను. ఏడేండ్ల వఱకు విడిభాగములు దొరకవలెను. బ్యాటరీ 800 మారులు నింపిన పిదపను 80 శాతము శక్తిని నిలుపుకొనవలెను. ఫ్రాన్సు 2021నుండియే ప్రతి ఫోనునకు మరమ్మతు సౌలభ్య మెంతయో అంకెలలో తెలుపవలెనని శాసించినది. ఈ గాలి తగిలియే కాబోలు, గూగుల్ 2023లోను శాంసంగు 2024లోను తమ మేలురకపు ఫోనులకు ఏడేండ్లు సవరణలు పంపుదుమని ప్రతిజ్ఞ చేసినవి. ఏడేండ్లు నిలుచు వస్తువును రెండేండ్లకు విడుచుటయే వింత.

మన దేశ మూరకుండలేదు. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ మరమ్మతు హక్కును గూర్చి యొక సంఘమును నియమించెను. ఆ యేడు డిసెంబరులోనే తయారీదారుల మరమ్మతు వివరములను ఒకచోట చేర్చెను. 2025 మేలో మరమ్మతు సౌలభ్య సూచికను గూర్చిన నివేదిక ప్రభుత్వమున కందెను. నివేదిక వ్రాయుటతో పని తీఱదు. అంగడిలో ఫోను పెట్టెమీద ఆ యంకె ముద్రపడి, వ్యవసాయదారుడు సైతము దానిని చూచి బేరమాడగలిగినప్పుడే తీఱును.

అన్నిటికంటె మమ్ము కలవరపెట్టునది ఋణము. నేడు ఫోను కొనుటకు డబ్బు అక్కఱలేదు, సంతకము చాలును. వడ్డీలేని నెలసరి వాయిదాలని దుకాణదారుడు పిలుచుచున్నాడు. వడ్డీలేని ఋణమను మాటయే యర్థము లేనిదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు తెలిపినది. ఆ వడ్డీ నిర్వహణ రుసుములోనో, నగదు కొనుగోలుదారునకు దొరకు తగ్గింపు నీకు దొరకకపోవుటలోనో దాగియుండును. 2023 నవంబరులో అదే బ్యాంకు, హామీలేని వినియోగ ఋణములు వేగముగ పెరుగుచున్నవని గమనించి, అట్టి ఋణముల కెదురుగ బ్యాంకు లుంచుకొనవలసిన మూలధనమును పెంచెను. అప్పు చేసి పప్పుకూడు తినరాదని మన పెద్దలు హెచ్చరించిరి. పప్పుకూడైన కడుపు నింపును. ఇరువది నాలుగు వాయిదాల ఫోను, ఇరువది నాలుగవ వాయిదా తీఱకముందే పాతదగును. అప్పు మాత్రము తుదివఱకు క్రొత్తగనే యుండును.

మనము విడిచిన ఫోను ఎచటికి పోవునో యదియు తలపవలెను. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారము 2022లో ప్రపంచమున పోగుపడిన విద్యుత్పరికరముల చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందులో విధ్యుక్తముగ సేకరించి శుద్ధిచేసినది 22.3 శాతము. తక్కినది గుంటలలోను, యాసిడ్డు తొట్లలోను, పేదల యూపిరితిత్తులలోను చేరుచున్నది. ఫోను బ్యాటరీలకు కావలసిన కోబాల్టులో మూడింట రెండు వంతులకు పైగ కాంగో దేశపు గనులనుండి వచ్చుచున్నది. ఆ గనులలో కొన్నిట బాలురు సైతము పనిచేయుచున్నారు. మన చేతిలోని వస్తువు నిగనిగ వెనుక ఈ చీకటి యున్నది.

అందఱును పొదుపు చేసిన పరిశ్రమ లేమి కావలెనని యొక యాక్షేపము గలదు. ఇది తేలికగ త్రోసివేయదగినది గాదు. 2015నుండి మన శ్రీసిటీలో ఫోనులు కూర్పబడుచున్నవి; ఆ పనిలో చేరిన తెలుగు బిడ్డల జీతము మాకును ప్రియమే. కాని ఫోను లింకను లేనివారు, చెడినవి గలవారు ఈ దేశమున కోట్లమంది యున్నారు. వారికి తగు వెలకు మన్నిక గల ఫోను చేసి యిచ్చుట పరిశ్రమకు చాలినంత పని. మఱియు మరమ్మతు సైతము పరిశ్రమయే. హైదరాబాదు ఆబిడ్సులోని జగదీశ్ మార్కెట్టులో వెండ్రుకవాసి తీగలను భూతద్దము క్రింద అతుకు చేతులకు కళాశాల పట్టా లేకపోవచ్చును. వారి విద్య దేశ సంపద. విడిభాగము లియ్యక ఆ విద్యను చంపుట జీవనోపాధిని చంపుటయే.

కాబట్టి మా సలహా యిది. క్రొత్త ఫోను కొనదలచిన ప్రతి గృహస్థుడును నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. పాతదానికి రక్షణ సవరణలు వచ్చుచున్నవా? బ్యాటరీ మార్చినచో పని జరుగునా? నే నిపుడు చేయలేని యే పనిని క్రొత్తది చేసిపెట్టును? రొక్కము చేతనున్నదా? మొదటి రెంటికిని అవునని వచ్చినచో కొనవలదు. మూడవదానికి స్పష్టమైన యుత్తరము రాకున్న కొనవలదు. నాలుగవదానికి లేదని వచ్చినచో, మిక్కిలి యవసరమైనను, చేతనున్న రొక్కమునకు దొరకు రకమునే కొనవలెను. నిరుటి రకమో, పరీక్షించి బాగుచేసిన పాతదో చాలును.

మన శాస్త్రకారులు యోగక్షేమములని రెండు మాటలను జంటగ నుంచిరి. లేనిదానిని సంపాదించుట యోగము. ఉన్నదానిని కాపాడుకొనుట క్షేమము. వ్యాపారి యెల్లప్పుడును యోగమునే బోధించును; అది యతని వృత్తి. క్షేమమును బోధించువాడు అంగడిలో నుండడు. అది గృహస్థుని వివేకమునుండియు, ప్రభుత్వపు శాసనమునుండియు రావలెను. వచ్చు సెప్టెంబరున మరల బారులు తీరును. మరల వెలలు ప్రకటింపబడును. ఆ దినమున మన యింటి సంభాషణములో తల్లి యడుగు లెక్కకు ముందుగ ఉత్తరము చెప్పి, తరువాత అంగడికి పోవుదము.