మాటల ముచ్చట్లు: ఫోసితె – ఒక దేవుడి పేరు

దేవుడి పేరు తప్పు పలికితే దోషమని మన పెద్దలంటారు. మరి, కొలిచేవారే లేకుండా పోయిన దేవుడి పేరును ఎట్లా పలకాలి? ఎవరినడిగి తెలుసుకోవాలి? ఈ మాసం ముచ్చట అదే.

ఉత్తర సముద్రపు ఒడ్డున, నేటి నెదర్లాండ్సు, జర్మనీ దేశాల తీరంలో ఫ్రిజియనులనే జాతివారున్నారు. వారి భాష ఇంగ్లీషుకు దగ్గరి చుట్టం. నేటికీ బ్రతికే ఉన్నది. క్రైస్తవం రాకముందు వారు కొలిచిన దేవుళ్ళలో ఒకడు ఫోసితె. ఒక ద్వీపం మీద ఆయన గుడి ఉండేది. ద్వీపానికే ఆయన పేరు పెట్టి ఫోసితె భూమి అని పిలిచేవారు.

ఈ సంగతి మనకు చెప్పినవారు ఆయన భక్తులు కారు. 8వ శతాబ్దం చివర ఆల్క్విన్ అనే క్రైస్తవ పండితుడు, విల్లిబ్రోర్డ్ అనే మతబోధకుడి చరిత్రను లాటిన్‌లో వ్రాశాడు. విల్లిబ్రోర్డ్ ఓడ గాలివానకు కొట్టుకుపోయి ఆ ద్వీపం చేరిందట. అక్కడి పశువులను ఎవరూ తాకకూడదు. అక్కడి ఊట నీటిని నోరు విప్పకుండా తోడుకోవాలి. విల్లిబ్రోర్డ్ ఆ ఊటలోనే ముగ్గురికి బాప్తిస్మం ఇచ్చి, పశువులను కోయించి తన వారికి తిండి పెట్టించాడు. వీళ్ళకు పిచ్చెక్కుతుందనో, చచ్చిపోతారనో ద్వీపవాసులు ఎదురుచూశారు; ఏమీ కాలేదు. రాజు రాడ్‌బోడ్‌కు మాత్రం ఆగ్రహం వచ్చింది. మూడు రోజులపాటు చీట్లు వేయించాడు. బోధకుడి అనుచరులలో ఒకడి ప్రాణం పోయింది. తరువాత లియుడ్గర్ అనే మరొక బోధకుడు వచ్చి గుడిని కూలగొట్టించాడు. 1070ల నాటి చరిత్రకారుడు బ్రెమెన్ ఆడం ఆ ద్వీపమే హెల్గోలాండ్ అన్నాడు.

అంటే, గుడిని పడగొట్టిన పక్షంవారి వ్రాతలోనే ఆ పేరు మిగిలింది. అదీ పరాయి లిపిలో. దీని చిక్కు తమిళనాట స్థిరపడిన మనవారికి వివరించి చెప్పనక్కరలేదు. తమిళ లిపిలో ప, బ, భ లకు ఒకటే అక్షరం గనుక, మన భాస్కరరావు పేరును అక్షరం చూసి మాత్రమే చదివేవాడు పాస్కరరావు అనగలడు గదా!

ఇక పలుకుబడి చూద్దాం. ఇంగ్లీషు అలవాటున్న మన పిల్లలు అక్షరాలు చూడగానే ‘ఫోసైట్’ అనేస్తారు. అది పొరపాటు. చివరి ఎకారం మూగది కాదు. ఫో–సి–తె అని మూడు అక్షరాలూ పలకాలి. ‘ఫ’ విషయంలో మనకొక జాగ్రత్త కావాలి. ఫలము, ఫణి అన్నప్పటి ఫ, పకారానికి ఒత్తు. ఇక్కడ కావలసినది కాఫీలోని ఫ. పై పళ్ళు క్రింది పెదవిని తాకాలి. జర్మానిక్ భాషల తీరు ప్రకారం ఊనిక మొదటి అక్షరం మీద పడాలి. లియుడ్గర్ చరిత్రలో ఇదే పేరు ‘ఫోసెతె’ అని ఉన్నది. ఊనిక లేని అచ్చు పలుచబడితే ఒకరికి ఇకారంగా, మరొకరికి ఎకారంగా వినబడడం సహజమే. లాటిన్ లేఖకులు హ్రస్వదీర్ఘాలు గుర్తించేవారు కారు గనుక, ‘ఫొ’ అన్నా ‘ఫో’ అన్నా తగాదా లేదు.

పేరు పుట్టుక దగ్గరే అసలు తగాదా. 13వ శతాబ్దంలో ఐస్లాండు పండితుడు స్నోర్రి, ఫోర్‌సెతి అనే దేవుడిని గురించి వ్రాశాడు. బంగారు స్తంభాలు, వెండి కప్పు గల గ్లిత్నిర్ అనే భవనంలో కూర్చుని, వచ్చినవారి తగవులన్నీ తీర్చి పంపే దేవుడాయన. ‘ఫోర్’ అనగా ముందు, ‘సెతి’ కూర్చునేవాడు. ముందు కూర్చునేవాడు, అనగా సభాధ్యక్షుడు. మన ‘సదస్సు’లోని ‘సద్’ ధాతువుకు ఈ సెతి స్వయానా చుట్టం. నేటికీ ఐస్లాండు దేశాధ్యక్షుడిని ఫోర్‌సెతి అనే అంటారు.

ఫోసితె, ఫోర్‌సెతి ఒకరేనని చాలామంది పండితుల మతం. అయితే మొదటిదానిలో రేఫ లేదు. జాకబ్ గ్రిమ్ మొదట అధ్యక్షుడనే అర్థమే తీసుకుని, తరువాత జలపాతమనే అర్థం గల ‘ఫోర్స్’ అనే మాట వైపు మొగ్గాడు. ఊట సంగతి ఆయన మనసులో ఉన్నది.

హాన్స్ కూన్ అనే జర్మన్ పండితుడు మరొక దారి చూపాడు. ఫోసితె అంటే గ్రీకుల సముద్రదేవుడు పొసైడన్ అన్నాడు! వినడానికి వింతే గాని, లెక్క ఉన్నది. సంస్కృతపు పకారం జర్మానిక్ భాషలలో ఫకారమవుతుంది: పితృ – ఫాదర్, పాదము – ఫుట్. దకారం టకారమవుతుంది: దశ – టెన్, ద్వి – టూ. పొసైడన్‌లో ప, ద లను అట్లాగే మార్చి చూడండి. ఫోసితె దగ్గరికి వస్తాం. క్రీ.పూ. 325 ప్రాంతంలో పితియస్ అనే గ్రీకు నావికుడు ఆ సముద్రాలకు వెళ్ళిన మాట నిజం. తృణమణి కోసం గ్రీకు వర్తకులూ వెళ్ళి, తమ దేవుడి పేరును అక్కడ వదలి వచ్చారని ఊహ. కాని పితియస్‌కూ ఆల్క్విన్‌కూ నడుమ వెయ్యేళ్ళకు పైబడిన మౌనం. అక్షరాలు కుదిరినంత మాత్రాన సాక్ష్యం కాజాలదు.

నా మట్టుకు తోచేది ఇది. ఫోసితె అన్నదే పాత పేరు. ఫ్రిజియనుల నోట విన్న ఉత్తరాదివారు, అర్థం తెలియక, తమకు తెలిసిన ‘ఫోర్‌సెతి’గా సరిదిద్దుకుని ఉంటారు. అర్థం కాని పేరుకు అర్థం కల్పించుకోవడం అన్ని జాతులకూ ఉన్న గుణమే. ఇంటిపేర్ల విషయంలో మన ఇళ్ళలోనూ ఈ ముచ్చట జరుగుతూనే ఉంటుంది.

ఎంత పండితుడైనా అక్షరం చూసి ఊహించగలడే గాని, ఆ ఊట దగ్గర భక్తుడు పిలిచిన పిలుపును తిరిగి తేలేడు. వ్రాసిన పేరు పుస్తకంలో నిలుస్తుంది. పలుకు మాత్రం నోటి నుండి నోటికే అందాలి. కనుక మీ ఇంటి ఇలవేల్పు పేరును, మీ అవ్వ పలికే తీరుననే, పిల్లల చేత ఒకసారి పలికించండి.