ఒక్క చెంచా రసం చేసిన అల్లరి



ఈ నెల మనం నూనెలో వేయించకుండా, నిప్పుల మీద కాల్చకుండా ఒక మిఠాయి చేద్దాం. తెల్ల చాక్లెట్టుతో, నిమ్మ వాసనతో చేసే చిన్న చిన్న ఉండలు. వీటిని ట్రఫుల్స్ అంటారు. ఐరోపాలో నేల లోపల పెరిగే పుట్టగొడుగు ఒకటి ఉన్నది. దాని పేరు ట్రఫుల్. చాక్లెట్టు ఉండలు చూపుకు దానిలాగా గుండ్రంగా, గరుకుగా ఉంటాయి గనుక వీటికీ ఆ పేరే వచ్చింది. మనం చాక్లెట్టు ఉండలు అనుకుంటే సరిపోతుంది.

అయితే, ఎట్లా చేయాలో చెప్పేముందు ఎట్లా చేయగూడదో చెప్పాలి. ఎందుకంటే, మొదటిసారి వీటిని పాడుచేసినవాణ్ణి నేనే!

మా మనుమరాలు తమ్ముడి పుట్టినరోజుకు ఈ ఉండలు చేస్తానన్నది. పండుగలకు పెద్దవాళ్ళిచ్చిన డబ్బులు దాచుకొని, 200 గ్రాముల తెల్ల చాక్లెట్టు కొనుక్కున్నది. దాన్ని ముక్కలు చేసి గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్ళ మీద పెట్టి కరిగించింది. అది వెన్నలాగా నున్నగా కరిగింది.

"తాతయ్యా, నిమ్మకాయ తొక్క తురిమి వెయ్యనా?" అని అడిగింది.

"తొక్క ఎందుకమ్మా? రసం పిండు, చాలు," అన్నాను. ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన నోరు కదా, తడుముకోకుండా చెప్పేసింది!

ఆమె ఒక చెంచా రసం పోసి కలిపింది. అంతే! అంతవరకూ నున్నగా ఉన్న చాక్లెట్టు బిర్రబిగుసుకుపోయి, తడి ఇసుకలాగా ముద్ద కట్టింది. గరిటె తిరగలేదు. సాయంత్రం పిల్లలంతా వస్తారు. ఇంకో చాక్లెట్టు కొనడానికి డబ్బులు లేవు.

"నేనేం తప్పు చేశాను, తాతయ్యా?" అన్నది. కళ్ళనిండా నీళ్ళు.

"కొట్టువాడు పాత సరుకు ఇచ్చి ఉంటాడు" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "తప్పు నీది కాదు, నాది. ఎందుకిట్లా అయిందో నాకు తెలియదు. ఇద్దరం కలిసి తెలుసుకుందాం," అన్నాను.

మీరు కూడా ఒక చిన్న ప్రయోగం చేయండి. పొడిగా ఉన్న పళ్ళెంలో రెండు చెంచాల పంచదార పోయండి. పళ్ళెం వంచితే అది జలజలా జారుతుంది. దానిమీద నాలుగు చుక్కల నీరు చల్లి కలపండి. పలుకులు ఒకదానికొకటి అంటుకొని గడ్డ కడతాయి. ఇప్పుడు అర గ్లాసు నీరు పోసి కలపండి. గడ్డ మాయమవుతుంది! కొంచెం నీరు అంటిస్తుంది. ఎక్కువ నీరు కరిగిస్తుంది. మా గిన్నెలో జరిగిందీ ఇటువంటిదే.

తెల్ల చాక్లెట్టులో ఏమున్నది? కోకో గింజలనుంచి తీసిన కోకో వెన్న, పంచదార, పాలపొడి. గింజలోని నల్లని పొడి ఇందులో ఉండదు. అందుకే ఇది తెల్లగా ఉంటుంది. ఐరోపా దేశాలలోనూ, అమెరికాలోనూ తెల్ల చాక్లెట్టు అని అమ్మాలంటే, అందులో నూటికి కనీసం 20 పాళ్ళు కోకో వెన్న ఉండాలని నియమం ఉన్నది. కోకో చెట్టు ఎక్కడో పరాయిదేశంలోనే ఉంటుందనుకుంటున్నారా? మన ఏలూరు, గోదావరి ప్రాంతాల కొబ్బరితోటల నీడలో చూడండి. చెట్టు మానుకే కాయలు వేళ్ళాడుతూ ఉంటాయి.

కరిగిన చాక్లెట్టులో పంచదార, పాలపొడి రేణువులు కోకో వెన్నలో తేలుతూ ఉంటాయి. ఆ కొవ్వులో అవి ఒకదానిపక్కనుంచి ఒకటి సులువుగా జారతాయి. ఒక చెంచా నిమ్మరసం పడిందనుకోండి. అందులో ఉన్నది చాలావరకు నీరే. రేణువులు ఆ నీటిని పీల్చుకొని, జిగురై, ఒకదానికొకటి పట్టుకుంటాయి. చాక్లెట్టు బిగుస్తుంది.

మరి మా మనుమరాలి చాక్లెట్టు ఏమయిందంటారా? పంచదార గడ్డను చూసి ఆమే ఉపాయం చెప్పింది. "తాతయ్యా, తక్కువ తడితో బిగిస్తే, ఎక్కువ తడితో వదులుతుందేమో!" వేడి క్రీము చెంచా చెంచా పోస్తూ కలిపాము. మొదటి రెండు చెంచాలకూ ఏమీ కాలేదు. తరువాత మెల్లగా గడ్డ విడిపోయి, మళ్ళీ నున్నబడింది. ఆ పూట ఉండలు కాస్త మెత్తబడ్డాయి గాని, ఒక్కటీ మిగలలేదు.

రసం వద్దంటే నిమ్మ వాసన ఎట్లా వస్తుంది? ఇక్కడే ఆమె మాట రైటు. వాసన రసంలో కంటె తొక్కలో ఎక్కువ. తొక్కమీద సన్నని చుక్కలు కనబడతాయి, చూశారా? అవి నూనె తిత్తులు. ఆ నూనెలో ముఖ్యమైనది లిమొనీన్ అనే పదార్థం. అది నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. నమ్మకం లేకపోతే, బాగా ఊదిన రబ్బరు బుడగ దగ్గర కమలాపండు తొక్కను మడిచి, నూనె చిమ్మేటట్టు నొక్కండి. బుడగ ఠప్పున పగులుతుంది! ఆ నూనె రబ్బరును మెత్తబరుస్తుంది. నొక్కేటప్పుడు మొహం పక్కకు తిప్పుకోండి; కంట్లో పడితే మండుతుంది.

ఇక తయారీ. కావలసినవి:

తెల్ల చాక్లెట్టు 200 గ్రాములు. (పొట్లం మీద కోకో వెన్న అని రాసి ఉన్నదో లేదో చూసి కొనండి.)
క్రీము 60 మిల్లీలీటర్లు.
వెన్న ఒక చెంచా.
నిమ్మకాయలు రెండు, లేక కమలాపండు ఒకటి.
పంచదార పొడి గాని, ఎండు కొబ్బరి పొడి గాని కొద్దిగా.

పండును గోరువెచ్చని నీటిలో రుద్ది కడిగి, పొడిగుడ్డతో తుడవండి. సన్నని బెజ్జాల తురుముపీట మీద పైతొక్కను మాత్రమే తురమండి. లోపలి తెల్లని పొర చేదు, దాని జోలికి పోవద్దు. చాక్లెట్టును సన్నగా తరిగి పొడి గిన్నెలో వేయండి. పొయ్యి పని పెద్దవాళ్ళది. క్రీములో తురుము వేసి, అంచున బుడగలు రాగానే దింపి, మూతపెట్టి పది నిమిషాలు ఉంచాలి. వాసన కొవ్వులోకి దిగుతుంది. మళ్ళీ వేడిచేసి చాక్లెట్టు మీద పోయాలి. మూడు నిమిషాలు ముట్టుకోవద్దు. తరువాత వెన్న వేసి, మధ్యనుంచి మొదలుపెట్టి మెల్లగా కలపండి.

క్రీములోనూ నీరున్నది కదా, మరి బిగుసుకోదా అంటారేమో. సరిపడా నీరు ఒక్కసారిగా వచ్చింది గనుక బిగుసుకోదు. పంచదార పళ్ళెం గుర్తు తెచ్చుకోండి.

గిన్నెకు మూతపెట్టి మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. తరువాత చేతులు కడిగి బాగా తుడుచుకొని, చెంచాతో తీసి, గోలీలకన్న కాస్త పెద్ద ఉండలు చేసి పొడిలో దొర్లించండి. ఇరవై దాకా వస్తాయి. అరచేతిలో ఎక్కువసేపు ఉంచవద్దు. కోకో వెన్న సుమారు 34 డిగ్రీల వేడికే కరుగుతుంది. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. చాక్లెట్టు నోట్లో కరగడానికి కారణం కూడా అదే. ఉండలను ఫ్రిజ్‌లోనే ఉంచి నాలుగైదు రోజులలో తినేయండి. పాలు పడనివాళ్ళకు పెట్టవద్దు.

చివరకు ఒక ప్రశ్న. పంచదార పొడిలో దొర్లించిన ఉండలను ఫ్రిజ్‌లోంచి తీసి బల్లమీద పెడితే, కాసేపటికి పైన పొడి తడిసి జిగురవుతుంది. ఆ నీరు ఎక్కడినుంచి వచ్చింది? ఆలోచించండి. మీ పంతుళ్ళను అడగండి. వెంటనే జవాబు రాకపోతే ఏమీ అనుకోకండి. "తెలియదు, చూద్దాం పద" అని ఒక పెద్దవాడు అన్నాడంటే, ఆ రోజు మీరిద్దరూ ఒక కొత్త సంగతి నేర్చుకోబోతున్నారన్నమాట!