పరీక్షల రాత్రి ఎనర్జీ డ్రింక్: లెక్కలోకి రాని కెఫీన్

పరీక్షల కాలం వచ్చిందంటే హాస్టల్ గదుల్లో పుస్తకాల పక్కన ఎనర్జీ డ్రింక్ క్యాన్లు చేరతాయి. ఒకప్పుడు ఖరీదైన సరుకుగా ఉన్న ఈ పానీయం, 2017లో స్టింగ్ మన మార్కెట్‌లోకి వచ్చాక ఇరవై రూపాయల సీసాలో కిరాణా కొట్టుకూ చేరింది. ‘నిద్ర ఆపుకోవడానికి తాగుతాం, తప్పేముంది?’ అన్నది చాలామంది విద్యార్థుల ధోరణి. ఆ ప్రశ్నను కొట్టిపారేయకుండా లెక్క వేసి జవాబు చెప్పాలి.

సూరత్‌నే తీసుకుందాం. అక్కడి సర్దార్ వల్లభ్‌భాయ్ ఎన్‌ఐటీలో, మిగతా ఎన్‌ఐటీల్లో లాగే, దాదాపు సగం సీట్లు ఇతర రాష్ట్రాల వారివి. మన పిల్లలూ అక్కడికి వెళ్తారు. తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వలస వెళ్లి లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడిన నేత కుటుంబాల పిల్లలు కూడా ఇప్పుడు అదే నగరంలో కళాశాలలకు వెళ్తున్నారు. మగ్గం రాత్రి షిఫ్టులో ఉన్న తండ్రికి మేలుకోక తప్పదు. పుస్తకం ముందున్న కొడుక్కి మాత్రం ఆ మేలుకోవడం ఎంతవరకు ఉపయోగమో ఆలోచించుకునే వీలుంది.

మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంటుంది. అది గ్రాహకాలకు అతుక్కున్నప్పుడు నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ ఆ గ్రాహకాలను ముందే ఆక్రమిస్తుంది. అలసట తీరదు, తెలియకుండా పోతుందంతే. కెఫీన్ ప్రభావం తగ్గాక పోగైన అడినోసిన్ అంతా ఒక్కసారిగా పనిచేస్తుంది. అందుకే పానీయం తాగిన కొన్ని గంటలకు ఒళ్లు కూలబడినట్టు ఉంటుంది.

ఆరోగ్యవంతుల ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) నిబంధన ప్రకారం ఇలాంటి పానీయాల్లో లీటరుకు 300 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ ఉండవచ్చు. అంటే 250 మిల్లీలీటర్ల క్యాన్‌లో 75 మిల్లీగ్రాములు. రాత్రి పదకొండుకు రెండు క్యాన్లు తాగిన విద్యార్థి ఒంట్లో తెల్లవారుజామున నాలుగింటికి ఇంకా ఒక క్యాన్ మోతాదు మిగిలి ఉంటుంది. అప్పుడు పడుకున్నా గాఢనిద్ర పట్టడం కష్టం. పగలు చదివినది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. జ్ఞాపకం కోసం మేలుకుని, ఆ జ్ఞాపకాన్ని నిలబెట్టే నిద్రనే పోగొట్టుకుంటున్నాం.

రోజుకు 500 మిల్లీలీటర్లకు మించి తాగవద్దని లేబుల్ మీద ఉంటుంది. కానీ ఆ హెచ్చరికకు టీ, కాఫీల సంగతి తెలియదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల టీలో 30 నుంచి 65, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రోజు మొత్తానికి 300 మించకూడదు. పొద్దున ఒక టీ, మధ్యాహ్నం కాఫీ, అర్ధరాత్రి మరో టీ, వాటికి తోడు రెండు క్యాన్లు కలిపితే 260 నుంచి 345 మిల్లీగ్రాములు. లేబుల్ చెప్పినట్టే నడుచుకున్నా హద్దు దాటే వీలుంది. చక్కెర మరో లెక్క. రెడ్‌బుల్ మామూలు క్యాన్ ఒక్కదానిలో సుమారు 27 గ్రాములు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మేలన్న రోజువారీ పరిమితి దాదాపు 25 గ్రాములు.

అమెరికాలో 496 మంది కళాశాల విద్యార్థులను ప్రశ్నించిన ఒక అధ్యయనం 2007లో వెలువడింది. ఎనర్జీ డ్రింకులు తాగేవారిలో 67 శాతం మంది నిద్ర చాలకపోవడమే కారణమన్నారు. 29 శాతం మంది ముందు ఉత్సాహం, వెనువెంటనే నీరసం చవిచూశామన్నారు. దీన్నిబట్టి చూస్తే ఇది రుచికి సంబంధించిన అలవాటు కన్నా నిద్రలేమికి వెతుక్కున్న మందు. రోగాన్ని వదిలి మందును తిట్టి లాభం లేదు.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారు ఎప్పుడైనా ఒక క్యాన్ తాగితే ప్రమాదం లేదు. భయపెట్టే ప్రచారాన్ని విద్యార్థులు నమ్మరు, నమ్మాల్సిన పనీ లేదు. చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి. క్యాంటీన్‌లో ధర పక్కనే క్యాన్‌కు ఎన్ని మిల్లీగ్రాముల కెఫీన్ అన్నది రాసిపెట్టాలి, టీ కాఫీలకు కూడా. అసైన్‌మెంట్లు, అంతర్గత పరీక్షలు, ప్రాజెక్టులు ఒకే వారంలో కుప్పపోయకుండా విశ్వవిద్యాలయాలు సర్దుకోవాలి. ఈ పానీయాలు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తగవన్న హెచ్చరిక ప్రాంతీయ భాషల్లోనూ ఉండాలి. ఇప్పుడు ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఉంటే చాలు. అన్న తెచ్చిన సీసాను స్కూలుకెళ్లే తమ్ముడు తాగబోతే, తెలుగు మాత్రమే చదవగలిగిన తల్లికి ఆ హెచ్చరిక అందదు.

విద్యార్థి తన వంతుగా చేయగలిగింది ఒకటుంది. రేపు పరీక్ష అనగా సీసా మూత తీసేముందు పొద్దుటి నుంచి తాగిన టీలు, కాఫీలు కూడుకోవాలి. మొత్తం 300కు దగ్గరపడితే పుస్తకం మూసి పడుకోవడమే చదువుకు మేలు.