ధైర్యానికి తోడు సన్నద్ధత

2025 మే 7న ‘ఆపరేషన్ సిందూర్’ వివరాలను దేశానికి తెలియజేసిన ఇద్దరు మహిళా సైనికాధికారులలో కర్నల్ సోఫియా ఖురేషీ ఒకరు. ఆమె ముఖాన్ని దేశమంతా చూసింది. ఆమె సైన్యంలోని సిగ్నల్స్ విభాగానికి, అంటే రేడియో, సమాచార వ్యవస్థలను నడిపే విభాగానికి చెందినవారన్న సంగతి మాత్రం తక్కువ మందే గమనించారు. కొద్ది రోజులకే మధ్యప్రదేశ్ మంత్రి ఒకరు ఆమె మతాన్ని ఎత్తిచూపుతూ అవమానకరంగా మాట్లాడారు. ఆ రాష్ట్ర హైకోర్టు తనంత తానుగా జోక్యం చేసుకొని కేసు నమోదుకు ఆదేశించింది. ఆ అవమానాన్ని మన సముదాయం ఖండించింది, ఖండించవలసిందే. అయితే ఆమెను ఆ స్థానానికి చేర్చిన చదువు గురించి, ఆ దారిలో మన పిల్లలు ఎందరు నడవగలరన్న విషయం గురించి మనం మాట్లాడుకోలేదు. ఈ నెల ఆ మాటే చెప్పదలచాము.

సిగ్నల్స్ విభాగం 1911 ఫిబ్రవరి 15న ఏర్పడింది. ‘తీవ్ర చౌకస్’ దాని నినాదం. ముందు వరుసలోని దళానికీ, వెనుకనున్న అధికారులకూ మధ్య మాట తెగకుండా చూడడం దాని పని. ఫిరంగి ఎక్కడ పేలాలో, గాయపడినవారిని ఏ దారిన తరలించాలో నిర్ణయించేది ఆ మాటే. ఒక్క అంకె తప్పు వింటే గుండు సొంత దళం మీదనే పడవచ్చు. అందుకే అక్షరాలను ‘ఆల్ఫా, బ్రావో, చార్లీ’ అని పలుకుతారు. అంకెలను విడివిడిగా చెబుతారు. విన్నదాన్ని తిరిగి చెప్పి సరిచూసుకుంటారు. అప్పగించినదాన్ని చెక్కుచెదరకుండా చేరవలసిన వారికి చేర్చడాన్ని మన పెద్దలు అమానత్ అన్నారు. రేడియో ముందు కూర్చున్న సైనికుడు చేసేదీ అదే.

ఈ పనిలో మన చరిత్రకు చెందిన ఒక పేరు ఉంది: నూర్ ఇనాయత్ ఖాన్. ఆమె తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ 1882లో బరోడాలో జన్మించారు. సోఫియా ఖురేషీ ఊరు కూడా అదే. యవ్వనంలో ఆయన హైదరాబాదుకు వచ్చి, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులో గానం చేశారు. ఈ నగరంలోనే తన సూఫీ గురువును కనుగొన్నారు. టిప్పు సుల్తాన్ వంశంలో పుట్టిన నూర్, ప్యారిస్‌లో పిల్లల కథలు రాసుకుంటూ పెరిగిన యువతి. యంత్రాలతో ఆమెకు పరిచయమే లేదు. 1940 నవంబరులో బ్రిటన్ మహిళా సహాయక వాయుసేనలో చేరి వైర్‌లెస్ ఆపరేటర్‌గా మొదటి నుంచి నేర్చుకున్నారు. యుద్ధం ముగిశాక తాను భారత స్వాతంత్ర్యం పక్షానే నిలుస్తానని ఇంటర్వ్యూలో అధికారుల ముందే చెప్పినట్లు ఆమె జీవితచరిత్రకారులు రాశారు. ఆత్మగౌరవాన్ని గుమ్మం బయట వదిలిపెట్టి ఆమె లోపలికి వెళ్ళలేదు.

1943 జూన్‌లో ఆమెను నాజీల ఆక్రమణలోని ఫ్రాన్స్‌కు పంపారు. ఆపరేటర్ల కొరత వలన ఆమె శిక్షణ పూర్తికాకముందే పంపారన్నది గమనించవలసిన విషయం. కొద్ది రోజుల్లోనే ఆమె బృందం పట్టుబడింది. తిరిగి రమ్మని లండన్ పిలిచినా ఆమె రాలేదు. సూట్‌కేసులో ఇమిడే రేడియోతో ఇల్లు మారుతూ, సంకేతాల జాడ పట్టే జర్మన్ వాహనాలను తప్పించుకుంటూ, నెలల తరబడి సందేశాలు పంపారు. అక్టోబరులో పట్టుబడ్డారు. పంపిన సందేశాల నకళ్ళను ఆమె ఒక పుస్తకంలో దాచుకున్నారు. అది శత్రువు చేతికి చిక్కింది. ఆమె పేరుతో వారు పంపిన దొంగ సందేశాలను లండన్ నమ్మింది. మరికొందరు ఏజెంట్లు బలయ్యారు. చిత్రహింసలలోనూ నోరు విప్పని నూర్‌ను 1944 సెప్టెంబరు 13న డాహౌ శిబిరంలో కాల్చి చంపారు. 1949లో ఆమెకు జార్జ్ క్రాస్ ప్రకటించారు. ఆమె ధైర్యానికి లోటు లేదు. లోటు జరిగింది శిక్షణలో. ఆ లోటు ఆమెది కాదు, పంపినవారిది. మన పిల్లలను పరీక్షలకు పంపేటప్పుడు మనమూ అదే తప్పు చేస్తున్నామేమో ఆలోచించుకోవాలి.

ఎందుకంటే, భర్తీ ప్రకటన వెలువడిన నాడు మైదానంలో పరుగు మొదలుపెట్టడమే సన్నద్ధత అని మన వీధుల్లో భావిస్తున్నారు. అగ్నివీర్ సాంకేతిక విభాగానికి భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం, గణితం, ఇంగ్లీషుతో ఇంటర్మీడియట్ కావాలి. మొత్తం మీద 50 శాతం, ప్రతి సబ్జెక్టులో 40 శాతం మార్కులు రావాలి. నిర్దేశిత ట్రేడుల్లో ఐటీఐ, డిప్లొమా చదివినవారికీ అవకాశం ఉంది. ముందు ఆన్‌లైన్ రాత పరీక్ష, ఆ తర్వాతే 1.6 కిలోమీటర్ల పరుగు, వైద్య పరీక్ష. అంటే పదో తరగతి తర్వాత గణితం వదిలేసిన నాడే ఈ తలుపు దాదాపు మూసుకుంటుంది. ఎంపికైన వారందరినీ సిగ్నల్స్‌కే కేటాయిస్తారన్న హామీ కూడా లేదు. కానీ తలుపు దగ్గరకు చేరడం మన చేతిలో ఉంది.

చేరిన తర్వాత నేర్చుకునేది గాలిలో నుంచి ఊడిపడే విద్య కాదు. వీహెచ్‌ఎఫ్ తరంగం దాదాపు సూటిగా సాగుతుంది. కొండ అడ్డొస్తే ఆగుతుంది. హెచ్‌ఎఫ్ తరంగం అయనావరణంలో వంగి వందల కిలోమీటర్ల అవతల దిగుతుంది. పగలు పనిచేసిన పౌనఃపున్యం రాత్రికి పనికిరాకపోవచ్చు. 30 మెగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 10 మీటర్లు. దానికి పావు తరంగ యాంటెన్నా పొడవు రెండున్నర మీటర్లు. ఈ లెక్క హైస్కూలు పిల్లవాడికి అందనిది కాదు. 1983లో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ మన హైదరాబాదులోనే ఉంది. పరీక్ష రాసి లైసెన్సు పొందితే విద్యార్థులు కూడా హామ్ రేడియో నడపవచ్చు. తుఫానుకు ఫోన్లు మూగబోయినప్పుడు ఊరి కబురు మోసేది అలాంటివారే. సైన్యంలో ఉద్యోగం రాకపోయినా ఆ విద్య వృథా పోదు.

ఆడపిల్లల దారి వేరు. అగ్నివీర్ మహిళలకు సైన్యం ఇంతవరకు తెరిచినది మిలిటరీ పోలీసు విభాగమే. సిగ్నల్స్‌లోకి వారు అధికారులుగానే రావాలి. 2022 నుంచి జాతీయ రక్షణ అకాడమీ వారిని చేర్చుకుంటున్నది. ఇంజినీరింగ్ చదివినవారికి షార్ట్ సర్వీస్ ప్రవేశాలున్నాయి. మహిళల శాశ్వత కమిషన్‌పై 2020లో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు ఉదహరించిన అధికారులలో సోఫియా ఖురేషీ ఉన్నారు. 2016లో పుణేలో జరిగిన బహుళ దేశాల సైనిక విన్యాసంలో భారత బృందానికి ఆమె నాయకత్వం వహించడమే అందుకు కారణం.

అభ్యంతరాలు లేవని మేము అనము. నాలుగేళ్ళ తర్వాత నాలుగో వంతు మందినే కొనసాగించే పథకంపై యువతలో ఉన్న ఆందోళన న్యాయమైనదే. గడ్డం పెంచుకునేందుకు అనుమతి కోరిన వాయుసేన ఉద్యోగి అప్పీలును 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు తిరస్కరించింది. ఆ తీర్పుతో విభేదించవచ్చు. కానీ చేరబోయే యువకుడికి ఆ నియమం ముందే తెలియాలి, సగం దారిలో కాదు. ఇక వివక్ష మాట. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ప్రకారం ఐఏఎస్‌లో ముస్లింలు 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం. సాయుధ దళాల లెక్కలు అందులో చేరలేదు. లెక్కలు లేనప్పుడు వివక్ష ఉందన్న వాదనా నిలవదు, లేదన్న వాదనా నిలవదు. దరఖాస్తు చేసినవారెందరు, ఎంపికైనవారెందరు అన్న వివరాలను ప్రభుత్వం వెల్లడించాలని మేము కోరుతున్నాము.

అలాగే రెండు తెలుగు రాష్ట్రాల మైనారిటీ గురుకులాలలో ఎన్‌సీసీ దళాలు, గణిత, భౌతిక శాస్త్ర అధ్యాపకులు, పనిచేసే ప్రయోగశాలలు ఉండాలి. ఇవి దయ కాదు, హక్కు. మసీదు కమిటీలు, సంక్షేమ సంఘాలు కూడా ఎనిమిదో తరగతి పిల్లలను ఇప్పుడే లెక్కించి, గణితంలో వెనుకబడిన వారికి సాయంత్రం పాఠాలు ఏర్పాటు చేయాలి. అందుకు కావలసింది ఒక గది, ఒక బల్ల, ఒక ఉపాధ్యాయుడు.

మన విధేయతను ఎవరి ముందూ నిరూపించుకోవడానికి కాదు ఈ మాట చెబుతున్నది. దేశం మనది గనుక దాని ప్రతి విభాగంలోనూ మనకు చోటుంది. ఆ చోటు కోసం అడగడం ఎంత అవసరమో, అది దక్కిన నాడు పని తెలిసిన చేతులతో నిలబడడం అంత అవసరం. సగం శిక్షణతో బిడ్డను పంపే తప్పు మన ఇళ్ళలో జరగకూడదు.