బొమ్మలు కూడు పెడతాయా?

మన హాస్టల్లో బొమ్మలు వేసే తమ్ముళ్ళకు ఎప్పుడూ కొదవ లేదు. సైన్సు రికార్డులో మందార పువ్వు నిలువుకోత గీయాలంటే రూమంతా వాళ్ళ చుట్టూ మూగుతుంది. వార్షికోత్సవానికి స్టేజీ మీద అక్షరాలు రాయాలన్నా వాళ్ళే కావాలి. పదో తరగతి దాటగానే మాత్రం "బొమ్మలు కూడు పెడతాయా?" అనే ఒక్క ప్రశ్నతో ఆ చెయ్యి ఆగిపోతుంది. కూలికెళ్ళి చదివించే అమ్మానాన్నలు అలా అడగడంలో తప్పు లేదు. కానీ జవాబు వెతక్కుండానే "పెట్టవు" అని తేల్చేయడం సరికాదని మా అభిప్రాయం.

కృష్ణారెడ్డి గారి పేరు మనలో ఎంతమందికి తెలుసు? ఆయన 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్నారు. మద్రాసు కళాక్షేత్రలో చిత్రకళ నేర్పారు. 1949లో లండన్ వెళ్ళి హెన్రీ మూర్ దగ్గర శిల్పం నేర్చుకున్నారు. తర్వాత పారిస్‌లో హేటర్ నడిపిన 'అటెలియే 17' అనే ముద్రణశాలలో చేరి, దాని నిర్వాహకుల్లో ఒకరయ్యారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు. 1976లో న్యూయార్క్ చేరి, అక్కడి విశ్వవిద్యాలయంలో ముద్రణకళ నేర్పారు. 2018లో కన్నుమూశారు.

ఆయన చేసిన గొప్ప పని ఏమిటి? లోహపు రేకు మీద బొమ్మ చెక్కి అచ్చు తీసేటప్పుడు సాధారణంగా ఒక్కో రంగుకు ఒక్కో రేకు కావాలి. ఒకే రేకుతో, ఒకేసారి అనేక రంగులు అచ్చయ్యే పద్ధతిని హేటర్, కైకో మోతీ తదితరులతో కలిసి ఆయన రూపొందించారు. కిటుకు అవిసె నూనెలో ఉంది. నూనె ఎక్కువైతే ఇంకు పలుచన, తక్కువైతే చిక్కన. పలుచని రంగు మీద చిక్కని రంగు రోలరు నడిపితే అది అంటుకోదు. గట్టి రోలరు పైమట్టాన్నే తాకుతుంది, మెత్తని రోలరు పల్లంలోకి దిగుతుంది. నూనె, ఇంకుల గుణాన్ని ఓపిగ్గా గమనించినందువల్లే ఇది సాధ్యమైంది.

ఆయన బొమ్మలకు వస్తువులు కూడా మనకు కొత్తవి కావు. పురుగు, చేప, అల, నీటిసుడి, మొలకెత్తే విత్తనం. 1968లో పారిస్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చినప్పుడు 'ప్రదర్శనకారులు' అనే బొమ్మ కూడా చేశారు. ప్రకృతిని చూసిన కన్నే మనుషుల గుంపునూ చూసింది.

ఇక మన సంగతి చూద్దాం. పత్తి పువ్వు మొదటి రోజు లేత రంగులో ఉండి మర్నాటికి గులాబీ రంగుకు తిరుగుతుందని మనకు ఏ పుస్తకమూ చెప్పలేదు. కల్లంలో ఎర్రని రాశి ముందు కూర్చుని, తాలుకాయను చూపుతోనే పట్టి పక్కన పెట్టే మన అమ్మలకు రంగుల మీద ఉన్న పట్టు తక్కువదా? దాన్ని ఎవరూ చదువు అనరు, కూలి అంటారు. కూలిని వదిలి రావడం మన హక్కు. ఆ చూపును కూడా వదిలేయనక్కర లేదు.

అయితే ప్రతిభ ఒక్కటే చాలుతుందని మేము చెప్పడం లేదు. కృష్ణారెడ్డి గారికి శాంతినికేతన్ దొరికింది, గురువులు దొరికారు. మన తమ్ముళ్ళకు ఇంటర్ తర్వాత ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ ఒకటుందనే మాటే చేరడం లేదు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ కోర్సులున్నాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ముద్రణకళలో పీజీ చేయవచ్చు. ఇంజనీరింగు సీట్ల గురించి చెప్పినట్టే వీటి గురించీ చెప్పాలి.

పూర్వ విద్యార్థులకు మా విన్నపం చిన్నదే. నాలుగు లినోలియం ముక్కలు, చెక్కే ఉలులు, ఒక రబ్బరు రోలరు, ఒక డబ్బా నల్ల ఇంకు కొనిద్దాం. దీనికి ప్రెస్సు కూడా అక్కర్లేదు, కాగితం పరిచి చెంచా వెనుకతో రుద్దితే అచ్చు పడుతుంది. వారానికి ఒక గంట కేటాయించమని వార్డెన్ గారిని అడుగుదాం. వచ్చే ఏడాది ఈ సంచిక ముఖచిత్రం బజారులో కొన్నది కాకుండా, మన తమ్ముడు చెక్కిన మిరపమొక్క కావాలని కోరుకుంటున్నాం.