తాకకుండా వేడి చూసే మిషను, అత్తమ్మ అరచేయి

పసుపు సీజను వచ్చిందంటే మా ఆర్మూరు పక్క ఆడవాళ్ళకు రెండు కాపురాలు. ఒకటి వంటింట్లో, ఒకటి కళ్ళంలో. సంక్రాంతి దాటాక తవ్వకం మొదలైతే ఉడకబెట్టడం, ఎండబెట్టడం, పాలిష్ పట్టించడం, నిజామాబాదు మార్కెట్ యార్డుకు పంపడం, అన్నీ అయ్యేసరికి ఎండలు ముదిరిపోతాయి. ఈ నాలుగు నెలలూ మా చేతులకు పసుపు రంగు వదలదు. పేరంటానికి వేరే రాసుకోవాల్సిన పని లేదు!

ఈసారి ఆ సీజనులోనే మా ఇంట్లోకి ఒక కొత్త వస్తువు వచ్చింది. చూడడానికి పిల్లల బొమ్మ తుపాకీలా ఉంటుంది. మీట నొక్కితే ఎర్రటి చుక్క పడుతుంది, వెనక అద్దంలో అంకె కనిపిస్తుంది. ముట్టుకోకుండానే వేడి ఎంతో చెబుతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు అంటారు. 2020లో కరోనా వచ్చినప్పుడు బ్యాంకు దగ్గర, గుడి దగ్గర, బడి దగ్గర మన నుదుటికి గురిపెట్టి చూశారే, దాని అన్నదమ్ముడే. కాకపోతే ఇది మనుషుల కోసం చేసింది కాదు, వస్తువుల కోసం చేసింది. ఈ తేడా తెలియక మా ఇంట్లో ఏం జరిగిందో చెబుదామనే ఈ వారం ఇది రాస్తున్నాను.

మా ఇంటాయన దీన్ని పసుపు ఉడికే బాయిలరు వేడి చూద్దామని కొన్నారు. మొదటి రోజే నవ్వులపాలైంది. లోపల పసుపు కుతకుత ఉడుకుతోంది, ఆవిరి బుసలు కొడుతోంది. మెరిసే స్టీలు డ్రమ్ముకు గురిపెడితే మిషను 48 డిగ్రీలంది! "నీళ్ళు మరిగేది 100 దగ్గర కదా, ఇదేం లెక్క?" అని నేను. "మోసపోయినం" అని ఆయన. తీరా మిషనుతో వచ్చిన చిన్న పుస్తకం కూర్చుని చదివితే తప్పు మిషనుది కాదని తెలిసింది.

ప్రతి వస్తువూ తన వేడికి తగ్గట్టు కంటికి కనిపించని కిరణాలు బయటికి పంపుతూ ఉంటుంది. బడిలో పరారుణ కిరణాలని చదువుకున్నాం కదా, అవే. 1800లో విలియం హెర్షెల్ అనే శాస్త్రవేత్త ఎండను గాజు పట్టకంతో రంగులుగా విడదీసి, ఒక్కో రంగులో థర్మామీటరు పెట్టి చూశాడు. ఎరుపు దాటి, ఏ రంగూ లేని చోట పెట్టినప్పుడు ఇంకా ఎక్కువ వేడి కనిపించింది. అలా బయటపడ్డాయి ఈ కిరణాలు. మన మిషను లోపల ఒక కటకం వీటిని పోగుచేస్తుంది, లోపలి పరికరం దాన్ని అంకెగా మారుస్తుంది.

ఇక్కడ రెండు సంగతులు బాగా గుర్తుపెట్టుకోవాలి. మిషను కిరణాలను తీసుకుంటుందే గాని పంపదు. ఎర్ర చుక్క కేవలం గురి చూసుకోవడానికి. కరోనా రోజుల్లో "నుదుటికి పెడితే మెదడు పాడవుతుంది" అని ఊరంతా ప్రచారమైంది. అది వట్టి మాట. అయితే ఎర్ర చుక్క ఉన్న మిషనును మాత్రం ఎవరి కంట్లోకీ పెట్టకూడదు. పిల్లలకు ఆడుకోవడానికి అసలే ఇవ్వకూడదు.

రెండోది, మెరిసే లోహం తన వేడిని సరిగా బయటికి పంపదు. పైగా అద్దంలా చుట్టుపక్కల వేడిని తిప్పి చూపిస్తుంది. అందుకే స్టీలు డ్రమ్ము దగ్గర మిషను తికమకపడింది. మీ ఇంట్లోనే చూసుకోవచ్చు. కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాచే గిన్నె ఉంటే సగం మసి తోమి తళతళలాడించండి, సగం మసి అలాగే ఉంచండి. నీళ్ళు మరిగాక రెండు వైపులా చూడండి. మసి వైపు 90 దాటి చూపిస్తుంది, తోమిన వైపు అందులో సగం కూడా చూపించకపోవచ్చు. అదే గిన్నె, అవే నీళ్ళు! తోమిన గిన్నెకు వేడి చూడాలంటే కాగితపు టేపు ముక్క ఒకటి అతికించి, మంటకు దూరంగా ఉన్న చోట, దాని మీద చూస్తే సరి.

వంటింట్లో ఇది పనికొచ్చే చోట్లు చాలానే ఉన్నాయి. నల్లటి ఇనుప పెనం మీద నమ్మకంగా చెబుతుంది. నా అనుభవంలో 180కి, 200కి మధ్య పిండి పోస్తే దోసె అంటుకోకుండా వస్తుంది. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మంట మీద ఉంచితే 250 దాటడానికి ఎక్కువసేపు పట్టదు, 260 దాటితే పైపూత పాడవడం మొదలవుతుంది. కాబట్టి అక్కడ అంకె చూసుకోవడం మంచిది. సకినాలకు, గారెలకు నూనె 170, 180 మధ్య ఉండాలి. గరిటెతో ఒకసారి కలిపి, పొగ, ఆవిరి తగలకుండా పక్క నుంచి చూడాలి. పాలు తోడు పెట్టేటప్పుడు 40 నుంచి 43 మధ్య ఉంటే చలికాలంలో కూడా పెరుగు గడ్డలా తోడుకుంటుంది. కాని మీగడ మీద చూస్తే తక్కువ చూపిస్తుంది, లోపలి పాలు ఇంకా వేడిగానే ఉంటాయి. అందుకని కలిపి చూడండి.

ప్లగ్గులు, స్విచ్‌బోర్డులు కూడా అప్పుడప్పుడు చూస్తూ ఉండండి. గీజరు, కూలరు నడుస్తున్నప్పుడు ఒక ప్లగ్గు మిగతావాటికంటే బాగా వేడెక్కిందంటే లోపల వైరు వదులై ఉండొచ్చు. స్విచ్ కట్టేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

మాకు కళ్ళంలోనూ ఒక మేలు జరిగింది. ఏప్రిల్‌లో మధ్యాహ్నం రెండింటికి పసుపు ఆరబోసిన సిమెంటు గచ్చు మీద చూస్తే 57 డిగ్రీలు ఉంది. చెట్టు నీడలో నేల 38. ఆ గచ్చు మీద మా కూలీ అక్కలు వట్టి కాళ్ళతో నడిచి కొమ్ములు తిప్పుతున్నారు! ఇన్నేళ్ళూ మేమూ అలాగే తిప్పాం, కాళ్ళు కాలుతున్నాయని అనుకున్నామే గాని అంకె తెలియలేదు. ఆ రోజు నుంచి తిప్పే పని పొద్దున తొమ్మిది లోపల, సాయంత్రం నాలుగు తర్వాత పెట్టుకున్నాం. చెప్పులు లేకుండా ఎవరినీ కళ్ళంలోకి దిగనీయడం లేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక అసలు సంగతి.

మా పెద్ద బిడ్డ సీజనులో సాయానికని వచ్చింది. దాని కొడుక్కి రెండున్నరేళ్ళు. ఒకరోజు పొద్దుటి నుంచి వాడు మెత్తగా ఉన్నాడు. పాలు వద్దన్నాడు, ఒళ్ళోంచి దిగనన్నాడు. మా అత్తమ్మ వాడి కడుపు మీద అరచేయి పెట్టి, "ఒళ్ళు కాలుతున్నది బిడ్డా, దవాఖానకు తీస్కపోండ్రి" అంది. నేను గొప్పగా మిషను తెచ్చి నుదుటికి పెట్టాను. 36.4 చూపింది. మనిషికి 37 ఉంటుందని చదువుకున్నదాన్ని కదా! "అత్తమ్మా, జ్వరం లేదు, నార్మలే ఉంది, నీ చెయ్యి చల్లగున్నది" అన్నాను. "గా మిషిని మాట ఇనకే" అంది అత్తమ్మ. నేను వినలేదు. కళ్ళంలో పని ఉందని వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం మా బిడ్డ కేక వినిపించింది. పరిగెత్తి వచ్చేసరికి బాబు కళ్ళు తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాడు. నాకు కాళ్ళ కింద భూమి లేదు. ఒకరు నోట్లో చెంచా పెట్టమంటారు, ఒకరు చేతిలో ఇనుప తాళం చెవులు పెట్టమంటారు. అత్తమ్మే వాడిని పక్కకు తిప్పి పడుకోబెట్టింది. 108కి ఫోన్ చేశాం. రెండు నిమిషాల్లోనే తగ్గింది, కాని ఆ రెండు నిమిషాలు నాకు రెండేళ్ళు. ఆసుపత్రిలో చంకలో థర్మామీటరు పెట్టి చూస్తే 102.6 ఫారెన్‌హీట్!

డాక్టరమ్మ నేను చెప్పిందంతా విని కోప్పడలేదు. "అమ్మా, మీ మిషను అబద్ధం చెప్పలేదు. మీరు అడిగింది వేరు, అది చెప్పింది వేరు" అంది. చర్మం పైన వేడి ఎప్పుడూ ఒంట్లో వేడికంటే తక్కువే. జ్వరం లేని మనిషి నుదుటికి ఈ వస్తువుల మిషను పెడితే 33, 34, 35 ఇలా చూపిస్తుంది. మనుషుల కోసం చేసిన మిషనైతే ఆ తేడాను లోపలే లెక్క కట్టి ఒంటి వేడిగా మార్చి చూపిస్తుంది. నుదురు 36.4 ఉందంటే బాబు ఒళ్ళు కాలుతోందనే దానికి అర్థం. నేను చదువుకున్న 37తో పోల్చి నార్మలనుకున్నాను. చదువు లేని అత్తమ్మ అరచేయి సరిగా చెప్పింది.

ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో కొందరికి జ్వరంతో ఇలా ఫిట్స్ వస్తాయట. చాలామందికి పెద్దయ్యాక పోతాయట. జ్వరం ముందే కనిపెట్టినా ఫిట్స్ తప్పకుండా ఆగేవని చెప్పలేమని డాక్టరమ్మ నన్ను ఓదార్చింది. అయినా నా మనసు ఊరుకోదు. నాలుగు గంటలపాటు పసివాడిని జ్వరంతో వదిలేశాను కదా. బాబు ఇప్పుడు బాగున్నాడు, ఇల్లు పీకి పందిరేస్తున్నాడు.

మీ ఇంట్లోనూ ఇలాంటి మిషను ఉంటే ఈ కింది సంగతులు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి.

1. వస్తువుల మిషను మనుషులకు వాడొద్దు. మనుషుల మిషను మీద కూడా కొన్నిటికి "బాడీ", "సర్ఫేస్" అని రెండు మీటలుంటాయి. జ్వరం చూసేటప్పుడు "బాడీ" మీద ఉందో లేదో చూసుకోండి.

2. ఎండలోంచి వచ్చిన వెంటనే, స్నానం చేయించిన వెంటనే, కూలరు గాలికి ఎదురుగా చూడొద్దు. నీడలో పావుగంట, అరగంట కూర్చోబెట్టి, చెమట తుడిచి, వెంట్రుకలు పక్కకు తీసి చూడాలి. మిషను కూడా అంతసేపు ఆ గదిలోనే ఉండాలి.

3. పుస్తకంలో చెప్పినంత దూరంలోనే పట్టుకోవాలి. వస్తువుల మిషను మీద 12:1 అని ఉంటే, 12 అంగుళాల దూరం నుంచి 1 అంగుళం వెడల్పు చోటు చూస్తుందని అర్థం. దూరం పెరిగేకొద్దీ పక్కనున్నవన్నీ కలిసిపోతాయి.

4. అద్దం వెనక, ఆవిరి వెనక ఉన్నదాని వేడి చెప్పలేదు. కటకం మీద ఆవిరి, పసుపు దుమ్ము పడితే మెత్తని గుడ్డతో తుడవండి.

5. వస్తువుల మిషను సరిగా ఉందో లేదో చూడాలంటే గ్లాసు నిండా మెత్తగా కొట్టిన ఐసు వేసి, కొద్దిగా నీళ్ళు పోసి బాగా కలిపి, పై నుంచి చూడండి. సున్నాకు ఒకటి రెండు డిగ్రీల అటూ ఇటూ చూపించాలి.

6. అనుమానం వస్తే చంకలో పెట్టే డిజిటల్ థర్మామీటరుతో మళ్ళీ చూడండి. 38 డిగ్రీలంటే 100.4 ఫారెన్‌హీట్. మూడు నెలల లోపు పసికందుకు అంత జ్వరం ఉంటే ఇంట్లో ఆగొద్దు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

7. ఫిట్స్ వస్తే పిల్లవాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు, నీళ్ళు పోయొద్దు, గట్టిగా పట్టి ఆపొద్దు. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే ప్రాణాపాయం. ముందే 108కి ఫోన్ చేసి ఉంచండి. త్వరగా తగ్గిపోయినా, మొదటిసారైతే డాక్టరుకు చూపించి తీరాలి.

మా పక్క పసుపు ఆరిందో లేదో కుప్ప పైన చూసి ఎవరూ చెప్పరు. పైన పొడిగా, చల్లగా ఉన్నా తడి ఉంటే లోపల ఉడుకెత్తి బూజు పడుతుంది. కుప్ప మధ్యలోకి చెయ్యి దూర్చి చూడాలి, కొమ్ము విరిచి చప్పుడు వినాలి. పెద్దవాళ్ళు నేర్పిన ఈ పని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పసుపు కుప్ప దగ్గర తెలిసింది పసివాడి దగ్గర గుర్తు రాలేదు.

మిషను ఇప్పటికీ వంటింటి అరలో ఉంది. పెనానికి, నూనెకు, గచ్చుకు రోజూ వాడుతున్నాను. పిల్లలకు వేరే థర్మామీటరు కొని దేవుడి గూటి పక్కన పెట్టాను. కాని ఇంట్లో ఎవరికి నలతగా ఉన్నా ముందు అత్తమ్మను పిలిచి చెయ్యి పెట్టి చూడమంటాను. ఎంత జ్వరమో ఆమె చెప్పలేదు, ఆ పని థర్మామీటరుది. ఉందో లేదో మాత్రం ఆమె చెబితే, ఇక ఆమెతో వాదించను.