వేరుకు నీరు

2025 నవంబరు 2వ తేదీన నవీ ముంబయిలో భారత మహిళల జట్టు దక్షిణాఫ్రికాను ఓడించి తొలిసారిగా వన్డే క్రికెట్ ప్రపంచ కప్పును గెలుచుకున్నది. ఆ పోటీలలో 14 వికెట్లు పడగొట్టిన ఎడమచేతి స్పిన్నర్ నల్లపురెడ్డి శ్రీచరణి కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం యర్రమల్లె గ్రామానికి చెందినవారు. పాపఘ్ని తీరాన ఉన్న వేంపల్లెకు అది పొరుగు మండలం. ఈ ప్రాంతపు పిల్లలకు ప్రపంచ విజేత అనే మాట అంతవరకు పత్రికలలో చదివేది; ఆనాటి నుండి అది ఇరుగుపొరుగు మాట అయింది. రాష్ట్ర ప్రభుత్వం ఆమెకు 2.5 కోట్ల రూపాయల నగదును, కడపలో 1,000 చదరపు గజాల ఇంటి స్థలాన్ని, గ్రూప్-1 ఉద్యోగాన్ని ప్రకటించింది. ఈ గౌరవం న్యాయమైనదే. అయితే క్రీడాకారులకు జాతి ఇవ్వవలసినది ఇంతేనా? ఇవ్వవలసిన వేళ ఇదేనా?

విజేతను సత్కరించడం తెలుగువారికి కొత్త కాదు. ప్రౌఢదేవరాయల ఆస్థానంలో డిండిమ భట్టును ఓడించిన శ్రీనాథునికి కనకాభిషేకం జరిగిందని సాహిత్య సంప్రదాయం చెబుతున్నది. అదే కవి చివరి దినాలలో కష్టాలు అనుభవించాడని కూడా ఆ సంప్రదాయమే చెబుతున్నది. క్రీడాకారుని స్థితి ఇంతకంటే సున్నితమైనది. కవికి వయసుతో పాటు ప్రజ్ఞ పెరుగుతుంది. క్రీడాకారునికి ముప్పై అయిదేళ్లు దాటేసరికి శరీరం సహకరించదు. చదువుకోవలసిన వయసును, ఉద్యోగం వెతుక్కోవలసిన వయసును మైదానానికి ధారపోసినవారికి జీవనాధారం కల్పించడం దానం కాదు, ధర్మం.

కాని సత్కారం వేరు, పోషణ వేరు. వేంపల్లె, పులివెందుల ప్రాంతాలలో చీనీ తోట పెంచే రైతుకు ఈ భేదం తెలుసు. మొక్క నాటిన తరువాత కాపు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. కరువు వచ్చి బోర్లు ఎండిపోతే ట్యాంకర్లతో నీరు తెచ్చి చెట్లను బతికించుకుంటాడు. ఆనాడు తోటవైపు తొంగిచూసేవారు ఉండరు. కాయ పసుపురంగుకు తిరిగిన తరువాతనే బేరగాళ్లు గట్టుమీద నిలబడతారు. క్రీడాకారుల విషయంలో ప్రభుత్వాలు, సంస్థలు తరచుగా బేరగాని పాత్రనే పోషిస్తున్నాయి. రైతు పాత్రను తల్లిదండ్రులకు, గురువులకు వదిలివేస్తున్నాయి.

చరిత్రే ఇందుకు సాక్ష్యం. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో కుస్తీలో కాంస్యం సాధించిన కె.డి. జాదవ్, స్వతంత్ర భారతదేశానికి వ్యక్తిగత విభాగంలో తొలి పతకం తెచ్చిన వీరుడు. ఆయన ప్రయాణ ఖర్చుల కోసం ఊరివారు చందాలు వేసుకున్నారు. ఆయన చదివిన కళాశాల ప్రిన్సిపాల్ తన ఇంటిని తాకట్టు పెట్టాడు. అర్ధశతాబ్దం గడిచిన తరువాత కూడా ఆ తాకట్టు తప్పలేదు. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచిన పుల్లెల గోపీచంద్‌కు హైదరాబాదులోని గచ్చిబౌలిలో ప్రభుత్వం అయిదెకరాల స్థలం ఇచ్చింది. దానిలో అకాడమీ కట్టడానికి మాత్రం ఆయన కుటుంబం ఇల్లు తాకట్టు పెట్టవలసి వచ్చింది. ఒక పారిశ్రామికవేత్త విరాళం తోడై 2008లో ఆ అకాడమీ పూర్తయింది. అక్కడ సాధన చేసిన పి.వి. సింధు 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం గెలవగానే తెలంగాణ ప్రభుత్వం 5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 3 కోట్ల రూపాయలు ప్రకటించాయి. గోడలు లేచేనాడు దొరకని ధనం పతకం వచ్చిన మర్నాడు పోటీపడి వచ్చింది.

బ్రిటన్ మరొక మార్గం చూపింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆ దేశానికి దక్కినది ఒకే ఒక స్వర్ణం. మరుసటి ఏటి నుండి జాతీయ లాటరీ ఆదాయంలో కొంత భాగాన్ని శిక్షకులకు, సాధనకు, క్రీడాకారుల జీవనానికి వెచ్చించారు. పతకం గెలిస్తే ప్రభుత్వ నగదు బహుమతి లేదు; గెలవడానికి సిద్ధమయ్యే సంవత్సరాలకే పోషణ. 2016 నాటికి ఆ దేశం 27 స్వర్ణాలతో పట్టికలో రెండవ స్థానానికి చేరింది. అయితే పతకం ఆశ లేని క్రీడలకు నిధులు తగ్గించారన్న విమర్శనూ ఆ విధానం ఎదుర్కొన్నది. పతకాల లెక్క ఒక్కటే కొలబద్ద కారాదని దీనివల్ల తెలుస్తున్నది.

భారతదేశంలోనూ మార్పు లేకపోలేదు. 2014లో ప్రారంభమైన టాప్స్ పథకం ఎంపికైన క్రీడాకారుల శిక్షణ ఖర్చు భరించడంతో పాటు నెలకు 50,000 రూపాయల భత్యం ఏర్పాటు చేసింది. కాని అది ఇప్పటికే పేరు తెచ్చుకున్నవారికి అందే సాయం. పేరు రాకముందు బూట్లు, పోషకాహారం, ప్రయాణం, గాయానికి వైద్యం — ఇవన్నీ కుటుంబం మీదనే పడతాయి. అందువల్ల కలిగినవారి బిడ్డ నిలుస్తుంది; కూలివాని బిడ్డ ఎంత ప్రతిభ ఉన్నా మధ్యలోనే మైదానం విడిచిపెడుతుంది. ఆ నష్టం ఏ పట్టికలోనూ కనిపించదు.

బడులలో ఆటస్థలాలే లేనప్పుడు ఏ కొద్దిమందికో కోట్లు ఎందుకని కొందరు ప్రశ్నిస్తారు. ప్రశ్న సమంజసమే. విజేతకు ఇచ్చేది తగ్గించడం మాత్రం దానికి జవాబు కాదు. ఒక్క విజయం వేయి ఇళ్లలో ఆడపిల్లను మైదానానికి పంపే ధైర్యం ఇస్తుంది. ఆ వెల కట్టలేము. కావలసినది మరొక నియమం: విజేతకు బహుమతి ప్రకటించిన ప్రతిసారీ అంతే మొత్తాన్ని ఆ ప్రాంతపు మైదానానికీ, శిక్షకునికీ, వర్ధమాన క్రీడాకారులకూ కేటాయించాలి. గురువును మరువరాదు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన దీప్తి జీవాంజితో పాటు ఆమె శిక్షకునికీ తెలంగాణ ప్రభుత్వం 10 లక్షల రూపాయలు ప్రకటించడం అనుసరించదగిన పద్ధతి.

శ్రీచరణి విజయాన్ని చూసి వేంపల్లెలో బంతి పట్టుకున్న బాలికకు రేపు కోట్లు ఇస్తామనే మాట కంటే, ఈనాటి సాయంత్రం ఒక చదునైన నేల, దారి చూపే ఒక గురువు ఎక్కువ అవసరం. పండుకు హారతి పట్టవలసిందే. అయితే వేరుకు నీరు పోసిన జాతికే ఆ హారతి పళ్లెం పట్టే అర్హత ఉంటుంది.